ఏబీఎస్ ఉంచాలా, పీకాలా, మార్చాలా? రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే కారు వాడేవాళ్లకు

మొదటిసారి ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజు) వెళ్లినప్పుడు పక్కన కారు ఆపుకున్న పెద్దాయన ఒకరు అడక్కుండానే సలహా ఇచ్చారు. "ముందు ఆ ఏబీఎస్ ఫ్యూజ్ పీకెయ్ బాబూ, బ్రేక్ అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది." ఏబీఎస్ అంటే యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్, ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది. పీకేశాను. నిజంగానే తెలిసింది, కాకపోతే ఆయన అనుకున్న పద్ధతిలో కాదు. మూడో ల్యాపులో, రోడ్డు కాస్త కిందికి వాలే చోట మలుపు ముందు బ్రేక్ గట్టిగా తొక్కాను. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోయాయి. కారు తోక పక్కకు ఊగి, వచ్చిన దారి వైపు మొహం పెట్టి గడ్డిలో ఆగింది. అదృష్టం కొద్దీ దేనికీ తగల్లేదు. వెనక టైర్లు రెండిటి మీదా అరచేయంత నున్నటి మచ్చలు మాత్రం పడ్డాయి. తిరిగి ఇంటికి వెళ్లే దారంతా దడదడమని సీటు కొట్టుకుంటూనే ఉంది.

తప్పు డ్రైవింగ్‌లో కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ అసలు సంగతి వేరే. ఆ ఫ్యూజ్‌తో పాటు పోయింది ఏబీఎస్ ఒక్కటే కాదు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేక్ ఒత్తిడిని పంచే ఈబీడీ కూడా. బ్రేక్ తొక్కగానే కారు బరువు ముందుకు వాలుతుంది, వెనక తేలికవుతుంది. అందుకని వెనక చక్రాలకు ఒత్తిడి తగ్గించి పంపాలి. పాత కార్లలో ఈ పనికి వెనక లైను మీద ప్రపోర్షనింగ్ వాల్వ్ అని ఒకటి ఉండేది. ఏబీఎస్ పెట్టెకే ఆ పని అప్పగించాక చాలా కార్లలో ఆ వాల్వ్ తీసేశారు. అలాంటి కారులో ఫ్యూజ్ పీకితే వెనక చక్రాలను అదుపులో పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ముందు చక్రాలు లాకైతే కారు నేరుగా జారుతుంది. వెనకవి ముందు లాకైతే బొంగరంలా తిరుగుతుంది.

అందుకే ఈ వ్యాసాన్ని "ఏబీఎస్ మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం లేదు. మీ ముందున్న దారులు ఇవి: కంపెనీ ఇచ్చిన ఏబీఎస్‌ను అలాగే ఉంచడం, దాన్ని తీసేసి బ్రేకులను సరిగ్గా మళ్లీ కూర్చుకోవడం, వేరే కారులోని మెరుగైన ఏబీఎస్‌ను తెచ్చి అమర్చడం, రేసింగ్ కోసమే చేసిన కిట్ కొనడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీకెండ్‌లో ట్రాక్‌కి, మిగతా రోజుల్లో ఆఫీసుకి ఒకే కారులో వెళ్లేవాళ్లలో చాలామందికి మొదటి దారే సరైనది. కాకపోతే దానికి కాస్త సేవ చేయాలి.

ఆ పెట్టె ఏం చేస్తుంది

టైరుకి గరిష్ఠ పట్టు దొరికేది చక్రం పూర్తిగా ఆగినప్పుడు కాదు, కాస్త జారుతూ తిరుగుతున్నప్పుడు. పొడి తారు మీద ఆ జారుడు సుమారు 10 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. అంటే కారు 100 కి.మీ. వేగంతో వెళ్తుంటే చక్రం 80, 90 వేగానికి సరిపడా తిరుగుతుండాలి. అది దాటిందంటే చక్రం క్షణంలో లాకవుతుంది. పట్టు పడిపోతుంది, స్టీరింగ్ తిప్పినా కారు వినదు.

ప్రతి చక్రం దగ్గరా ఉండే సెన్సర్ వేగాన్ని కొలుస్తుంది. ఏదైనా చక్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఆ చక్రానికి వెళ్లే లైనులో ఒక వాల్వ్ మూసుకుంటుంది. అప్పటికీ లాకవబోతుంటే రెండో వాల్వ్ తెరుచుకుని ఒత్తిడి వదిలేస్తుంది. చక్రం మళ్లీ తిరగగానే ఒత్తిడి పెరుగుతుంది. ఇదంతా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. వదిలేసిన ఆయిల్‌ను పంపు వెనక్కి తోస్తుంది కాబట్టే కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంది. ఆ అదురుకు కంగారుపడి కాలు తీసేసేవాళ్లు చాలామంది. తీయకూడదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. విమానాల కోసం డన్‌లప్ తయారుచేసిన మాక్సరెట్ అనే మెకానికల్ పరికరాన్ని 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారులో పెట్టారు. నాలుగు చక్రాలకూ పనిచేసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను బాష్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌కు ఇచ్చింది. ఇక్కడ ఇంకో మాట. "అసలైన రేసర్లు ఏబీఎస్ వాడరు" అని వాదించేవాళ్లు ఫార్ములా వన్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 1994లో అక్కడ దాన్ని నిషేధించారు, నిజమే. కానీ నిషేధించింది అది పనికిరాక కాదు, డ్రైవర్ చేయాల్సిన పని అదే చేసేస్తోందని. జీటీ3 రేసుల్లో (రోడ్డు కార్ల ఆధారంగా చేసిన రేసు కార్ల పోటీలు) నడిపే ప్రొఫెషనల్ డ్రైవర్లు ఈరోజుకీ ఏబీఎస్‌తోనే పందెం వేస్తున్నారు. వాళ్లకు లేని నామోషీ మనకెందుకు?

రోడ్డు మీద: చర్చకు చోటు లేదు

చిన్న లెక్క చూడండి. 100 కి.మీ. వేగంలో ఉన్న కారు, టైరు పట్టు పూర్తిగా దొరికితే (ఘర్షణ గుణకం 1 అనుకుందాం), దాదాపు 39 మీటర్లలో ఆగుతుంది. చక్రాలు లాకై పట్టు 0.75కి పడితే 52 మీటర్లు పడుతుంది. తేడా పదమూడు మీటర్లేగా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి చేరేసరికి రెండో కారు ఇంకా 50 కి.మీ. వేగంతో ఉంటుంది. ఎదురుగా లారీ ఉంటే ఆ 50తోనే వెళ్లి గుద్దుతుంది.

ఒక మంచి డ్రైవర్ లాకయ్యే అంచు దాకా కాలితో కొలిచి తొక్కగలడు కదా అంటారు. ట్రాక్ మీద అదే మలుపు, అదే బోర్డు దగ్గర, ఇరవైసార్లు సాధన చేశాక తొక్కగలడు. రోడ్డు మీద అడ్డంగా వచ్చే కుక్క ముందుగా కబురు పెట్టి రాదు. అప్పుడు మన కాలు కొలవదు, తొక్కేస్తుంది. పైగా ఒక వైపు చక్రాలు తడి ఇసుక మీద, రెండో వైపు పొడి తారు మీద ఉంటే ఒకే పెడల్‌తో రెండిటికీ న్యాయం చేయడం ఏ కాలికీ సాధ్యం కాదు. విడివిడి లైన్లున్న ఆ పెట్టెకే సాధ్యం.

ఏబీఎస్ ఓడిపోయే చోట్లూ ఉన్నాయి. వదులు కంకర, లోతైన మట్టి, కొత్తగా పడ్డ మంచు మీద లాకైన చక్రం తన ముందు ఒక చిన్న గట్టులా పోగుచేసుకుని దాన్ని తోసుకుంటూ ఆగుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూనే ఉంచుతుంది కాబట్టి దూరం పెరుగుతుంది. అయినా స్టీరింగ్ చేతిలో ఉంటుంది. ఆఫ్-రోడ్ మోడ్ ఉన్న కొన్ని బండ్లు ఇలాంటి చోట చక్రం కాసేపు లాకవడానికి ఒప్పుకుంటాయి. రోజూ మట్టి దారే మీ దారి అయితే ఆ మోడ్ ఉందో లేదో చూడండి. మిగతావాళ్లకు రోడ్డు మీద ఫ్యూజ్ పీకడమంటే కొరివితో తల గోక్కోవడమే.

బైకుల సంగతి ఒక్క మాటలో: ముందు చక్రం లాకైతే కారు జారుతుంది, బైకు పడుతుంది. కాబట్టి రోడ్డు మీద రెండు చక్రాలకూ ఉన్న ఏబీఎస్ తీసుకోండి. వెనక చక్రానికి మాత్రమే ఆపుకునే మోడ్ ఉంటే మట్టిలో ఆడుకోవడానికి అది చాలు.

ట్రాక్ మీద కంపెనీ ఏబీఎస్

మామూలు టైర్లు, ఒక మెట్టు మెరుగైన ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్‌తో కంపెనీ ఏబీఎస్ ట్రాక్ మీద అనుకున్నదానికంటే బాగా పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దాని అసలు లాభం ల్యాప్ టైమ్ కాదు, టైర్లు. ఒక్కసారి గట్టిగా లాక్ చేస్తే ఒక జత టైర్లు పోతాయి. నాకు పోయాయి.

చిక్కంతా టైర్లు మారినప్పుడు మొదలవుతుంది. స్లిక్‌లంటే గాడులు లేని రేసు టైర్లు, సెమీ-స్లిక్‌లంటే గాడులు తక్కువగా ఉండేవి. సెమీ-స్లిక్‌లు, స్లిక్‌లు వేశాక కారు ఆగే తీరు కంపెనీ ఇంజినీర్లు ఊహించిన హద్దు దాటుతుంది. దానికి తోడు మీరు బ్రేక్‌ను ఒక్కసారిగా గుద్దినట్టు తొక్కారనుకోండి, సరిగ్గా అప్పుడే ఒక చక్రం కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) మీదో గతుకు మీదో ఎగిరిందనుకోండి. ఆ చక్రం గాల్లో క్షణంలో ఆగిపోతుంది. పెట్టె ఇలా అనుకుంటుంది: ఇంత తేలిగ్గా లాకైందంటే కింద ఉన్నది మంచు అయి ఉండాలి. ఒత్తిడి తెంచేస్తుంది. పెడల్ రాయిలా గట్టిపడుతుంది, కారు మాత్రం ఆగదు. ట్రాక్ వాళ్లు దీన్ని "ఐస్ మోడ్" అంటారు. సెకనులో కొంత భాగమే అయినా, 160 కి.మీ. వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది. అనుభవించినవాళ్లకు ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

దీనికి మొదటి మందు కాలిలోనే ఉంది. పెడల్‌ను గుద్దకుండా, మొదటి పట్టు పడ్డాక బరువు ముందుకు వాలనిచ్చి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ఐస్ మోడ్‌లో పడితే ఇంకా గట్టిగా తొక్కడం వృథా. ఒక్క క్షణం కాలు తేలిక చేసి మళ్లీ నొక్కాలి. మనసు ఒప్పుకోదు, కానీ పనిచేసేది అదే. తర్వాత షాక్ అబ్జార్బర్లు చూసుకోండి. అరిగిపోయిన షాక్‌లతో చక్రం నేల వదిలి ఎగురుతుంటే ఏ పెట్టె అయినా ఏం చేస్తుంది? ఇంత చూసుకోకుండా ఏబీఎస్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

ఇప్పుడు సేవ సంగతి. టైర్ల సైజు మార్చేటప్పుడు ముందు వెనక చక్రాల చుట్టుకొలతల నిష్పత్తి కంపెనీ ఇచ్చినదానికి దగ్గరగా ఉంచండి. నాలుగు చక్రాల వేగాలను పోల్చుకునే కదా అది కారు వేగాన్ని అంచనా వేసేది! బ్రేక్ ఆయిల్ విషయంలో డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ట్రాక్ డేకి ముందు ఆయిల్ మార్చడమంటే ఆ తేడాను కొనుక్కోవడమే. సిలికాన్‌తో చేసిన డాట్ 5 మాత్రం ఏబీఎస్ ఉన్న కారులో పోయకండి. పేరు దగ్గరగా ఉన్న డాట్ 5.1 వేరు, అది పోయొచ్చు. పెట్టె లోపల గాలి చిక్కుకుంటే మామూలు బ్లీడింగ్‌తో (ఆయిల్‌తో పాటు గాలిని బయటికి పంపడం) పోదు, స్కానర్‌తో వాల్వులు కొట్టించాలి.

సెన్సర్ల గురించి ఒక సంఘటన చెప్పాలి. ఒక స్నేహితుడి కారు పార్కింగ్‌లో ఆగబోయే ప్రతిసారీ, నడక వేగంలో, పెడల్ గరగరమని కొట్టుకునేది. పొడి నేల, మెల్లగా తొక్కిన బ్రేక్, వార్నింగ్ లైట్ లేదు. పెట్టె పోయిందని, మార్చాలని ఒక గ్యారేజీలో చెప్పారట. చక్రం విప్పి చూస్తే యాక్సిల్ జాయింట్ మీద ఉండే, సెన్సర్ వేగాన్ని చదివే పళ్ల రింగు తుప్పుతో ఒక చోట చిట్లి ఉంది. ఆ పగులు దగ్గర రెండు పళ్ల మధ్య ఎడం మిగతావాటికంటే ఎక్కువ. చక్రం ప్రతి చుట్టులో ఒకసారి ఆగినట్టు సెన్సర్‌కు కనిపించేది. వేగంగా వెళ్లేటప్పుడు ఆ తేడా కలిసిపోతుంది, మెల్లగా ఉన్నప్పుడు బయటపడుతుంది. గోరుతో పోయే పనికి గొడ్డలి తీయబోయారన్నమాట. కొత్త కార్లలో రింగు బదులు బేరింగ్ ఒక పక్కన అయస్కాంతపు సీలు ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ వినపడదు. బిగించే ముందు ఒక పేపర్ క్లిప్ ఆనించి చూడండి. ఏ వైపు అంటుకుంటే అదే సెన్సర్ వైపు.

పూర్తిగా తీసేయాలంటే

ఇది తప్పుడు దారి అనను. ఫార్ములా తరహా సింగిల్ సీటర్లు, వింటేజ్ రేసులు, ఏబీఎస్‌ను నిషేధించే క్లాసులు, కంకర ర్యాలీలు, హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేక్‌తో తోక తిప్పే ఆటలు, వీటిలో అదే దారి. వెనక చక్రాలను కావాలనే లాక్ చేసేవాడికి ఏబీఎస్ అడ్డమే. పెడల్ మీద పట్టు నేర్చుకోవడానికి కూడా ఇది మంచి బడి. కాకపోతే కారు ట్రాక్‌కే అంకితమై ఉండాలి. రోడ్డు మీద కూడా తిరిగే కారైతే అక్కడి తనిఖీ నిబంధనలు, బీమా షరతులు ముందు చదవండి.

ఫ్యూజ్ పీకడం, ఏబీఎస్ తీసేయడం ఒకటి కావు. తీసేయాలంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఒత్తిడిని మళ్లీ పంచుకోవాలి. వెనక లైనుకు తిప్పి సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టడం సులువైన పద్ధతి. పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్లు రెండు, మధ్యలో వాటి వాటాను సర్దే బ్యాలెన్స్ బార్ ఉన్న పెడల్ బాక్స్ రేసు కార్ల పద్ధతి. ఏది పెట్టినా పరీక్ష ఒకటే. తడిసిన ఖాళీ మైదానంలో 40 కి.మీ. వేగంతో వెళ్లి బ్రేక్ తొక్కండి. బయట, దూరంగా పక్కన ఒక మనిషి నిలబడి ఏ చక్రాలు ముందు ఆగుతున్నాయో చూడాలి. ముందువి ఆగాలి. ఆ తర్వాత పొడి నేల మీద, ఇంకాస్త వేగంతో మళ్లీ చూడాలి. పట్టు పెరిగితే బరువు ఇంకా ముందుకు వాలుతుంది కాబట్టి తడిలో సరిపోయిన సర్దుబాటు పొడిలో సరిపోకపోవచ్చు.

డాష్‌బోర్డు ఒక రహస్యం చెబుతుంది. చాలా కార్లలో ఏదో ఒక సెన్సర్ పోయి పసుపు ఏబీఎస్ లైట్ ఒక్కటే వెలిగితే ఈబీడీ ఇంకా పనిచేస్తోందని అర్థం. దానితో పాటు ఎర్ర బ్రేక్ లైట్ కూడా వెలిగితే అదీ పోయినట్టే. ఫ్యూజ్ పీకిన రోజు నా డాష్‌బోర్డులో రెండూ వెలిగాయి. హ్యాండ్ బ్రేక్ సరిగ్గా దించలేదేమో అనుకుని ఇంకోసారి లాగి దించాను!

వేరే కారులోని ఏబీఎస్, లేదా రేసింగ్ కిట్

పాత కారుకు కొత్త తరం పెట్టె అమర్చడం అమెచ్యూర్ రేసర్లలో బాగా నడుస్తున్న పద్ధతి. బీఎండబ్ల్యూ ఈ46లో వచ్చిన ఆటే (Ate) కంపెనీ ఎంకే60 ఏబీఎస్ పెట్టెను అంతకుముందు తరం ఈ36లో పెట్టుకోవడం దీనికి పేరుమోసిన ఉదాహరణ. పాత పెట్టెలు చక్రాల వేగం ఒక్కటే చూస్తాయి. ఇవి బ్రేక్ ఒత్తిడిని, కారు ఊపును కూడా కొలుస్తాయి. అందుకే మంచు కాని దాన్ని మంచు అనుకోవడం తక్కువ. ముక్కలన్నీ పాత కార్ల నుంచి దొరుకుతాయి కాబట్టి రేసింగ్ కిట్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

కానీ దొరికింది తెచ్చి బిగించే పని కాదిది. పాత తరం సెన్సర్, కొత్త తరం సెన్సర్ పంపే సంకేతాలు వేరు, ఒకదాని బదులు ఒకటి పనికిరావు. పళ్ల రింగుల లెక్క కలవాలి. ఆ పెట్టె ఏ కారు బరువుకు, ఏ చక్రాల దూరానికి రాశారో దానికి మీ కారు దగ్గరగా ఉండాలి. ఊపు కొలిచే సెన్సర్ చెప్పిన దిశలోనే బిగించాలి. స్టెబిలిటీ కంట్రోల్‌ను కోడింగ్‌లో ఆపించాలి, లేదంటే మలుపు మధ్యలో తనంతట తానే బ్రేక్ వేస్తుంది. ఒకే కంపెనీ, పక్క తరం కారు అయితే ధైర్యంగా దిగండి. మీ మోడల్‌లో ఇంతకుముందు ఎవరూ చేయకపోతే మీరే ప్రయోగశాల అవుతారు.

బాష్ మోటార్‌స్పోర్ట్ ఎం4, ఎం5 లాంటి కిట్లు వేరే లోకం. సొంత వైరింగ్, ఒత్తిడి సెన్సర్లు, ఊపు సెన్సర్‌తో వస్తాయి. మీ కారు కొలతలు అందులో నింపుకోవచ్చు. డాష్ మీద 12 స్థానాల గుండ్రటి స్విచ్ ఉంటుంది. తడికి ఒకటి, కొత్త స్లిక్‌లకు ఒకటి, అరిగినవాటికి ఇంకొకటి అని మార్చుకుంటూ పోవచ్చు. ఎక్కడ ఏ చక్రం ఎంత జారిందో తర్వాత డేటాలో చూసుకోవచ్చు. రేసులో చివరి క్షణం దాకా బ్రేక్ ఆపుకుని, పక్కవాణ్ని లోపలి నుంచి దాటేవాడికి దీని విలువ తెలుస్తుంది. మిగతావాళ్లకు ఆ డబ్బుతో చాలా జతల టైర్లు, చాలా ట్రాక్ రోజులు వస్తాయి. కొనేముందు మీ క్లాసు రూల్ బుక్ తప్పకుండా చదవండి. ఇవి రేసింగ్ కోసమే చేసినవి, రోడ్డుకు కావు.

నన్ను అడిగితే

ఏడాదికి రెండు మూడు ట్రాక్ రోజులు, మామూలు టైర్లు అయితే కంపెనీ ఏబీఎస్ ఉంచి, ఆయిల్, ప్యాడ్ల మీద ఖర్చు పెట్టండి. సెమీ-స్లిక్‌లకు మారాక ఐస్ మోడ్ ఒకసారి తగిలితే ముందు కాలు, షాక్‌లు సరిచేసుకోండి. అయినా పదేపదే తగులుతుంటే అప్పుడు మెరుగైన పెట్టె గురించి ఆలోచించండి. ట్రైలర్ మీద వెళ్లే కారు, టైము కొలిచే రేసు, రూల్ బుక్ ఒప్పుకుంటే కిట్. ఒప్పుకోకపోతే బ్యాలెన్స్ బార్. మట్టిలో ఆడేవాళ్లకు ఏబీఎస్ లేని కారు, దాన్ని తీసుకెళ్లడానికి ఏబీఎస్ ఉన్న ఇంకో బండి.

ఏది ఎంచుకున్నా సరే, అవసరం రాకముందే ఒకసారి దాన్ని నిద్రలేపి చూడండి. వాన వెలిసిన పొద్దున ఖాళీ స్థలంలో 50 కి.మీ. వేగం అందుకుని, వెనక ఎవరూ లేరని చూసుకుని, పెడల్ నేలకు అంటేలా తొక్కి పట్టుకోండి. అదురు మొదలయ్యాక స్టీరింగ్ కొద్దిగా ఎడమకు, మళ్లీ కుడికి తిప్పండి. కారు వింటుంది. నేను నా ఫ్యూజ్ తిరిగి పెట్టాక చేసిన మొదటి పని ఇదే. మొదటి రెండుసార్లూ అదురు మొదలవగానే నాకు తెలియకుండానే కాలు పైకి లేచిపోయింది. మూడోసారికి గానీ నిలబడలేదు.